గ్లాసు అడుగున నీళ్ళు

పోయిన వారం నోల్వెన్‌ని రైలు కిటికీ పక్కన వదిలాం. ఎదుటి సీట్లో ఆమె భర్త తిబో నిద్రపోతున్నాడు. లియోన్ స్టేషను కాసేపట్లో వస్తుందనగా నిద్రలోనే అతని పెదవులు కదిలాయి. "మినూ," అన్నాడు.

నోల్వెన్ పుట్టింట్లో తప్ప ఆ పిలుపు భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. అది ఆమె చెల్లెలు గాయెల్ ముద్దుపేరు.

గాయెల్ పాత పట్టుబట్టల మరమ్మతు నేర్చుకోవడానికి లియోన్ వచ్చిన పిల్ల. ఐదేళ్ళ కిందట ఇదే డిసెంబరు ఎనిమిదిన, ఊరంతా కిటికీల్లో దీపాలు పెట్టుకునే పండగ రోజున, సోన్ నదిలో పడి చనిపోయింది. పోలీసులు ప్రమాదమన్నారు. సొంతూళ్ళో జనం తాగి పడిందన్నారు. కావాలనే దూకిందని చర్చి మెట్ల మీద గుసగుసలు పోయారు. చనిపోయే ముందు వారం ఆమె ఫోనులో అక్కతో ఒక మాట చెప్పింది. "ఒకతను ఉన్నాడక్కా. పేరు చెప్పను. క్రిస్మస్‌కి తీసుకొస్తా, అప్పుడు చూద్దువుగాని." ఆ ఒకతను క్రిస్మస్‌కి రాలేదు. అంత్యక్రియలకీ రాలేదు.

తిబో తను పుట్టింది లీల్‌లో అని చెప్పాడు. లియోన్‌లో ఎప్పుడూ అడుగు పెట్టలేదని కూడా చెప్పాడు. చెల్లెలు పోయిన ఊరిని ఒక్కసారి చూడాలని ఉందని నోల్వెన్ అడిగినప్పుడు, కొంచెం ఆలోచించి సరేనన్నాడు.

మూడేళ్ళుగా తన పక్కన పడుకుంటున్న ఈ మనిషి ఆ ఒకతనేనా? నోల్వెన్‌కి ఈ రోజు తేలాల్సింది ఇదొక్కటే. అది తేలకుండా ఇతనితో ఇంకొక రాత్రి ఒకే దుప్పటి కింద పడుకోవడం ఆమె వల్ల కాదు.

* * *

కొండెక్కే తాడు రైలు పండగ జనంతో కిక్కిరిసి ఉంది. తిబో భార్య భుజం చుట్టూ చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ చెయ్యి ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం నోల్వెన్‌కి అసహ్యం కలిగించింది. అసహ్యం కలిగినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఒకవేళ తనే ఎప్పుడో ఏడుస్తూ అతని ముందు ఆ పేరు అందేమో? అనలేదు. అందా?

పైన మందిరం ముందు పిట్టగోడ దగ్గర నిలబడితే ఊరంతా కాళ్ళ కింద పరుచుకుని ఉంది. ఎర్ర పెంకుల మీద పల్చటి మంచు, పొగగొట్టాల్లోంచి పొగ.

"రెండు నదులంటారు కదా. వాటిలో సోన్ ఏది?" ఏమీ ఎరగనట్టు అడిగింది నోల్వెన్.

తిబో కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. దూరాన వెడల్పుగా మెరుస్తున్న నీళ్ళ వైపు వేలు చూపించాడు. "అదే అయ్యుంటుంది. పెద్దది కదా."

"అది రోన్. సోన్ ఇక్కడే, మన కిందే ఉంది."

"పోనీలే. లెక్కల్లో మంచి మార్కులొచ్చేవి నాకు. భూగోళంలోనే తన్నేసేది."

నవ్వాడు. పక్కన ఫోటోలు తీసుకుంటున్న ముసలాయన కూడా నవ్వాడు. "మా ఊళ్ళో మూడో నది కూడా ఉందయ్యా, వైను నది. మధ్యాహ్నానికల్లా దాన్ని మీరే కనిపెడతారులే," అన్నాడు.

నోల్వెన్ కూడా నవ్వాల్సి వచ్చింది.

తర్వాత మెట్ల దారిన పాత పేటలోకి దిగారు. కూడళ్ళలో పనివాళ్ళు నేలంతా తీగలు పరిచి సాయంత్రానికి లైట్లు సర్దుతున్నారు. మిఠాయి కొట్టు ముందు తిబో ఆగి, గులాబీ రంగు బాదం పలుకుల తీపిరొట్టెను వేలితో చూపించి, "ఇదేంటి? ఇంత ఎర్రగా ఉంది, తినేదేనా?" అని కొట్టమ్మాయిని అడిగాడు. ఆ పిల్ల జాలిగా చూసి ఒక ముక్క కోసి చేతిలో పెట్టింది. అతను కొరికి, కళ్ళు పెద్దవి చేసి, తల ఊపాడు. పరాయి ఊరివాడు ఎలా ఊపుతాడో అలాగే.

ఆ పేటలో ఇళ్ళ కిందుగా దారులుంటాయి. వీధి తలుపు తోసుకుని లోపలికి వెళితే, చీకటి నడవలోంచి, ఎవరిదో పెరటి మెట్ల పక్కనుంచి నడిచి ఇంకో వీధిలో తేలతాం. వాటి తలుపులు చూడ్డానికి తాళం వేసినట్టుంటాయి. ఊరివాళ్ళు భుజంతో ఒక్క తోపు తోసి వెళ్ళిపోతారు. నోల్వెన్ అలాంటి తలుపొకటి చూసి కావాలని వెనక ఆగింది. "నువ్వు ముందు నడువు," అంది.

తిబో తలుపు ముందు నిలబడ్డాడు. పిడి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "తాళం వేసుంది."

సంచిలో ఉల్లికాడలు పెట్టుకుని వచ్చిన ఒకావిడ అతన్ని పక్కకి నెట్టింది. తలుపుని తుంటితో ఒక్కటి పొడిచి లోపలికి వెళ్ళిపోయింది.

"చూశావా, ఈ ఊళ్ళో తలుపులు కూడా ఆడవాళ్ళ మాటే వింటాయి," అన్నాడు తిబో.

పొద్దున్నుంచి ఒక్క తప్పు చెయ్యలేదతను. ఒక్క వీధి పేరు ముందుగా అనలేదు. ఒక్క మలుపు దగ్గర కాలు దానంతటది తిరగలేదు. అలాంటప్పుడు తనకి ఊరట కలగాలి. కలగలేదు. నిజంగా కొత్తవాడైతే ఎక్కడో ఒకచోట పొరపాటునైనా సరైన వైపు తిరగడా?

* * *

మధ్యాహ్నం భోజనానికి గళ్ళ గుడ్డలు పరిచిన చిన్న హోటల్లో కూర్చున్నారు. మోచేతులు పక్కవాళ్ళ మోచేతులకి తగులుతున్నాయి. హోటలావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది.

"ఏ ఊరు మీది?"

"రెన్, బ్రిటనీలో," అంది నోల్వెన్.

"అమ్మో, బ్రెటన్లా! వెన్న తక్కువైందని గొడవ చెయ్యకండి. ఇది మీగడ ఊరు. ఏం పెట్టమంటారు? చేప ముద్దలు తింటారా?"

"వాటిలో ముళ్ళుంటాయా?" అన్నాడు తిబో.

"ముళ్ళు మా ఆయనకుంటాయి బాబూ. నా చేప ముద్దలకుండవు."

చుట్టుపక్కల బల్లలన్నీ గొల్లుమన్నాయి. తిబో చెవులు ఎర్రబడ్డాయి. అతను సిగ్గుపడితే నోల్వెన్‌కి ఎప్పుడూ ముద్దొచ్చేది. ఇప్పుడు కూడా కొంచెం వచ్చింది. అందుకే ఆమె పళ్ళెం పక్కకి జరిపేసింది.

భోజనం అయ్యాక నది ఒడ్డుకి వెళ్దామంది. తిబో సరేనన్నాడు. ఎక్కడని అడగలేదు. అది ఆమె గమనించింది. అతను వెంటనే, "ఎటు వెళ్ళాలి?" అన్నాడు. అది కూడా ఆమె గమనించింది.

వర్షాలకి సోన్ మట్టిరంగులో పొంగి పారుతోంది. కింది గట్టుకి దిగే రాతి మెట్ల సగం దాకా నీళ్ళున్నాయి. గాయెల్ ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు. ఆమె బూటు మాత్రం ఈ మెట్ల మీద దొరికిందని పోలీసులు చెప్పారు. నోల్వెన్ గట్టు గోడకి ఆనుకుని నీళ్ళకేసి చూసింది. ఏడుపు వస్తుందనుకుంది గాని రాలేదు.

తిబో ఆమె చేతిని తన కోటు జేబులో పెట్టుకున్నాడు.

"తనని చూసుంటే నాకు తప్పకుండా నచ్చి ఉండేది," అన్నాడు నెమ్మదిగా.

"ఎందుకలా అనిపిస్తోంది?"

"నీ చెల్లెలు కదా."

ఎంత అందమైన జవాబు! ఎక్కడా అతుకు కనపడని జవాబు. నోల్వెన్ అతని జేబులోంచి తన చెయ్యి లాక్కుంది. చలిగా ఉందని, గదికి వెళ్ళిపోదామని చెప్పింది. తను ఓడిపోయిందనుకుంది. ఓడిపోయానంటే అతను మంచివాడని అర్థమేగా, మరి ఈ చేదంతా ఎందుకని తనని తనే తిట్టుకుంది.

* * *

వాళ్ళు దిగిన గది మదాం పెర్రాషోన్ ఇంట్లోది. ఆవిడ ఒక్కతే ఉంటుంది. డెబ్భై దాటినా, మూడో అంతస్తుకి ఆయాసం లేకుండా ఎక్కుతుంది. వీధి వైపు నాలుగు పొడుగాటి కిటికీలు. వాటి కింద బల్ల మీద ఒక చెక్కపెట్టె తెరిచి ఉంది. అందులో పాత కాగితాల్లో చుట్టిన రంగు గ్లాసులు. ఎర్రవి, నీలివి, అంచులు కాస్త చిట్లినవి.

"సరిగ్గా వేళకి వచ్చారు. ఇవి మా అత్తగారివి. ఆవిడకి వాళ్ళ అత్తగారు ఇచ్చినవి. ఈ సారి నడుం వంగి చావడం లేదు. కాస్త చెయ్యి వెయ్యండి నాయనా. చీకటి పడేలోగా మా కిటికీలు వెలగకపోతే ఎదురింటి బుల్లియో ముసలోడు ఏడాదంతా దెప్పుతాడు."

"ఏం చెయ్యాలో చెప్పండి మదాం," అంది నోల్వెన్.

"చెప్పడానికేముంది? గ్లాసులో కొవ్వొత్తి పెట్టడం, కిటికీ గట్టు మీద వరసగా పేర్చడం. అంతే."

నోల్వెన్ ఒక ఎర్ర గ్లాసు తుడిచి అందులో గీతల కొవ్వొత్తి నిలబెట్టింది. ఇంకోటి తుడిచింది. ఆమె ఆలోచనంతా రేపటి రైలు మీద ఉంది. తిరిగి వెళ్ళాక ఇంట్లో అదే వంటింట్లో, అదే మనిషికి ఎదురుగా కూర్చుని కాఫీ తాగాలి.

పక్కన తిబో బల్ల మీదున్న నీళ్ళ కూజా అందుకున్నాడు. గ్లాసులో అడుగు తడిసేంత నీళ్ళు పోశాడు. కొవ్వొత్తి పెట్టాడు. కిటికీ గట్టు మీద ఉంచాడు. ఇంకో గ్లాసు తీసుకున్నాడు. నీళ్ళు, కొవ్వొత్తి, కిటికీ. మళ్ళీ ఇంకోటి. అతని కళ్ళు వీధిలో ఎక్కడో ఉన్నాయి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

మదాం పెర్రాషోన్ ముసిముసిగా నవ్వింది.

"ఓహో! దొరికావబ్బాయ్. మా ఊరి పిల్లాడివన్నమాట!"

తిబో చేతిలో కూజా ఆగింది.

"నీళ్ళు పొయ్యకపోతే వేడికి గ్లాసు పగులుతుంది. మైనం అడుక్కి పట్టేసి ఊడిరాదు. ఈ సంగతి అమ్మ చెబితేనే తెలిసేది," అంది ఆవిడ. నోల్వెన్ పెట్టిన గ్లాసుల వైపు గడ్డం ఎగరేసింది. "బయటివాళ్ళందరూ ఇదుగో, ఇలాగే పెడతారు. ఏడాదికి మూడు గ్లాసులు పగలగొట్టి పోతారు. నీకెవరు నేర్పారు నాయనా? ఏ పేట మీది?"

"టీవీలో చూశానండీ," అన్నాడు తిబో.

"టీవీలోనా!" ఆవిడ పకపకా నవ్వింది. "టీవీ వాళ్ళు డ్రోన్లెక్కి ఆకాశంలోంచి చూపిస్తారు. గ్లాసు అడుగు ఎవరు చూపిస్తారబ్బాయ్?"

అగ్గిపెట్టె కోసం ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది.

పొద్దున్నుంచి తిబో నాలుక మీద కాపలా పెట్టుకున్నాడు. కాళ్ళ మీద, కళ్ళ మీద పెట్టుకున్నాడు. చేతుల మీద పెట్టుకోవడం మర్చిపోయాడు.

నోల్వెన్ అతని చేతిలోంచి కూజా తీసుకుని బల్ల మీద పెట్టింది. తను పెట్టిన ఎర్ర గ్లాసులోంచి కొవ్వొత్తి పైకి తీసి, అడుగున కొంచెం నీళ్ళు పోసి, మళ్ళీ నిలబెట్టింది.

"ఇంతేనా? ఇంకొంచెం పొయ్యాలా?" అంది.

అతను చేతుల తడి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"చెప్పు. నువ్వే కదా తెలిసినవాడివి."

"నోల్వెన్..."

"పొద్దున సోన్ ఎక్కడుందో తెలియలేదు నీకు. తలుపు తొయ్యడం రాలేదు. ఆ తీపిరొట్టె తినేదా అని అడిగావు. నన్ను చూసి లోపల నవ్వుకున్నావా, లేక భయపడ్డావా? అదొక్కటీ చెప్పు ముందు."

"భయపడ్డాను."

"లీల్‌లో పుట్టానన్నావు."

"అది నిజమే. నాలుగేళ్ళప్పుడు మా నాయనమ్మ ఇక్కడికి తెచ్చుకుంది. ముప్పై దాకా ఈ ఊళ్ళోనే ఉన్నాను. ఎదుటి గట్టున."

"గాయెల్?"

వంటింట్లో మదాం పెర్రాషోన్ సొరుగులు లాగి మూస్తున్న చప్పుడు. తిబో ఆ చప్పుడు ఆగుతుందేమోనని చూశాడు. ఆగలేదు.

"ఆ క్రిస్మస్‌కి మీ ఇంటికి రావాల్సినవాణ్ణి నేనే," అన్నాడు.

నోల్వెన్ కుర్చీ కోసం చూడలేదు. గోడకి ఆనుకోలేదు. నిజం తెలిశాక మనిషి కూలిపోతాడంటారు. ఆమె మాత్రం పొద్దుటి నుంచి మొదటిసారి కాళ్ళ మీద గట్టిగా నిలబడింది.

"నా దగ్గరికెందుకొచ్చావు?"

"చెప్పడానికే వచ్చాను. ఒట్టు. నీ మందుల షాపు వెతుక్కుంటూ రెన్ వచ్చాను. మొదటిసారి దగ్గు బిళ్ళలు కొనుక్కుని వెళ్ళిపోయాను. రెండోసారీ అంతే. తర్వాత నువ్వే అడిగావు, ఇంత దగ్గేంటండీ, డాక్టరుకి చూపించుకోరేం అని. అడుగుతూ నవ్వావు. ఆ నవ్వు..."

"చెప్పకు."

"తనదే ఆ నవ్వు."

"చెప్పొద్దన్నాను!"

మదాం పెర్రాషోన్ అగ్గిపెట్టె ఊపుకుంటూ వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగింది. "అయ్యో, పండగ పూట మొగుడితో తగువేంటమ్మా? ఇవి వెలిగించేసి కిందికెళ్ళి చెరో గ్లాసు వేడి వైను తాగి రండి. మా ఆయనా నేనూ నలభై ఏళ్ళు అలాగే నెట్టుకొచ్చాం." అగ్గిపెట్టె నోల్వెన్ చేతిలో పెట్టింది. "నేను వెనక గదిలో కిటికీ చూసుకుంటా. మీరు ముందువి కానివ్వండి."

ఆవిడ వెళ్ళాక నోల్వెన్ పుల్ల గీసింది. మొదటి దీపం వెలిగించింది. ఎదురింట్లో వంగిన ముసలాయన ఒకడు అప్పటికే తన వరస పూర్తి చేసి, వీళ్ళ కిటికీల వైపు గర్వంగా చూస్తున్నాడు.

"మూడేళ్ళు," అంది ఆమె రెండో దీపం వెలిగిస్తూ. గొంతు పెంచలేదు. "చచ్చిపోయిన నా చెల్లెల్ని నా మొహంలో చూసుకుంటూ నాతో కాపురం చేశావు. నేను నవ్వినప్పుడల్లా ఎవరు నవ్వుతున్నారు నీకు? నువ్వు ముద్దు పెట్టుకుంది ఎవర్ని?"

"మొదట్లో నువ్వన్నది నిజమే. తర్వాత కాదు."

"ఏ రోజు నుంచి కాదు? తెలిస్తే చెప్పు. ఆ రోజే పెళ్ళిరోజు చేసుకుందాం."

ఆమె అగ్గిపుల్ల ఆర్పి ఇంకోటి గీసింది.

"నువ్వే తోశావా?"

"లేదు!" ఈసారి అతని గొంతు పెరిగింది. వెనక గది వైపు చూసి మళ్ళీ తగ్గించుకున్నాడు. "నేను తన పక్కన లేను. ఉండుంటే పడేది కాదు. నన్ను రావద్దంది. తనూ ఇంకొకళ్ళూ మాట్లాడుకోవాలి, ఇవాళ తేలిపోవాలి, నువ్వుంటే గొడవ పెరుగుతుంది అంది. ఆ ఇంకొకళ్ళెవరో చెప్పలేదు. నేను కాలినడక వంతెన మీద ఆగిపోయాను. అక్కణ్ణించి కింది గట్టు కనపడుతుంది. ఇద్దరూ కనపడుతున్నారు. చేతులు ఊపుకుంటూ అరుచుకుంటున్నారు. మాటలు వినపడలేదు, పండగ గోల. జనం తోసుకుంటూ వచ్చి నన్ను వంతెన అవతలి వైపుకి నెట్టేశారు. మళ్ళీ వంతెన ఇవతలి అంచుకొచ్చి చూసేసరికి గట్టు మీద ఒక్క మనిషే ఉంది."

"ఎవరు?"

"పరిగెత్తుకుంటూ దిగాను. ఆవిడ మెట్లెక్కి పైకొస్తోంది. గాయెల్ ఏదండీ అని అడిగాను. ఇంటికెళ్ళింది అంది. ఎంత మామూలుగా అందంటే, నమ్మేశాను. ఆవిడ బూట్లు తడిసి ఉన్నాయి. చూశాను. చూసి కూడా నమ్మాను. రాత్రంతా గాయెల్‌కి ఫోను చేస్తూ కూర్చున్నాను, కోపం వచ్చి ఎత్తడం లేదేమో అనుకుంటూ. నేను పోలీసుల దగ్గరికి ఎందుకెళ్ళలేదని అడుగు. అడగవేం? భయమేసింది. తాగి ఉన్నాను. నా మాట ఎవరు నమ్ముతారు? ఒకవైపు నేను, ఇంకోవైపు ఆ పెద్దావిడ."

"ఎవరు తిబో? ఎవరావిడ?"

వీధిలోంచి పిల్లల కేకలు, ఎవరో బాకా ఊదిన చప్పుడు పైకొచ్చాయి. ఎదురింటి ముసలాయన కిటికీ తెరిచి, "మదాం పెర్రాషోన్! సగమే వెలిగాయి మీవి!" అని అరిచాడు. వెనక గదిలోంచి, "నోర్మూసుకోవయ్యా బుల్లియో!" అని జవాబు వెళ్ళింది.

"మన పెళ్ళికి ముందు ఒక ఆదివారం మొదటిసారి మీ ఇంటికి భోజనానికొచ్చాను, గుర్తుందా?" అన్నాడు తిబో. "తలుపు తీసిన మనిషిని చూసి నేను గుమ్మంలోనే చచ్చిపోయాను. ఆవిడా నన్ను గుర్తుపట్టింది. లోపలికి రా నాయనా, చలిగా ఉంది అంది. బల్ల దగ్గర ఉప్పు అడిగితే అందించింది. నువ్వు కాఫీ పెడుతుంటే నా దగ్గరికొచ్చి ఒక్క మాట అంది. ఒక కూతుర్ని పోగొట్టుకున్నాను, రెండోదాన్ని పోగొట్టుకోలేను, నువ్వు నోరు మూసుకుంటే నేనూ మూసుకుంటాను అంది."

నోల్వెన్ చేతిలో పుల్ల వేలి దాకా కాలింది. ఆమె వదిలెయ్యలేదు. తిబోయే ఊది ఆర్పాడు.

"అబద్ధం," అంది.

తిబో ఆమె వేళ్ళలోంచి కాలిన పుల్లని తీసేశాడు.

"అబద్ధం! ఆ రోజు అమ్మ జ్వరంతో మంచం మీద ఉంది. ఇల్లు కదల్లేదు. ఈ ఊరి మొహం కూడా చూడలేదు. లియోన్ పేరెత్తితేనే లేచి వెళ్ళిపోతుంది."

"జ్వరమొచ్చిందని నీకెవరు చెప్పారు?"

"అమ్మే."

తిబో నీళ్ళ కూజాని బల్ల చివరికి జరిపాడు.

నోల్వెన్ కోటు జేబులోంచి ఫోను తీసింది. వీళ్ళు లియోన్ వస్తున్నట్టు తల్లికి తెలియదు. బాధపడుతుందని డిజోన్ వెళ్తున్నామని చెప్పింది. ఇప్పుడా చిన్న అబద్ధం తలుచుకుంటే నవ్వొచ్చింది. తమ ఇంట్లో అబద్ధం ఆడటం ఆఖరున నేర్చుకుంది తనేనేమో.

"చెయ్యకు. ఇవాళ కాదు," అన్నాడు తిబో. "నేను ఎదురుగా కూర్చోబెట్టి..."

"ఇవాళే. మూడేళ్ళూ మీ ఇద్దరూ నన్ను ఎదురుగానే కూర్చోబెట్టుకున్నారు."

ఫోను రెండుసార్లు మోగింది. తల్లి ఎత్తింది. వెనక టీవీలో వంటల పోటీ చప్పుడు వినపడుతోంది.

"నోల్వెన్? ఏంటే, ఈ వేళప్పుడు? డిజోన్‌లో చలెలా ఉంది?"

"డిజోన్‌లో లేమమ్మా. లియోన్‌లో ఉన్నాం. కిటికీల్లో దీపాలు పెడుతున్నాం."

టీవీ చప్పుడు ఆగిపోయింది. తల్లి ఏడవలేదు. ఎందుకెళ్ళావే అక్కడికి అనలేదు. నువ్వెలా ఉన్నావనీ అడగలేదు.

"తిబో పక్కనున్నాడా?" అంది చివరికి.

"ఉన్నాడు."

"ఫోను వాడికివ్వు."

నోల్వెన్ స్పీకరు నొక్కి, ఫోనుని తన అరచేతిలోనే ఉంచుకుని, తిబో మొహం ముందుకి చాపింది. తిబో దాన్ని పాముని చూసినట్టు చూశాడు. ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం అల్లుడిదే అనుకుందేమో, అవతల తల్లి గొంతు తగ్గింది. నోల్వెన్ పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఆ మెత్తటి గొంతులో ఇప్పుడు మెత్తదనం లేదు.

"ఎంతవరకు చెప్పావు?" అంది. "మెట్ల దాకానా? లేక ఆ తర్వాత మనిద్దరం చేసింది కూడానా?"